ఏకమనస్సు కాదు

జొన్నబండ పాలెంలో క్రైస్తవ సంఘం ఏ విషయం తేల్చుకోవాలన్నా లేచి నిలబడడమే పద్ధతి. ఉపదేశి ప్రేమయ్య సంగతి వివరించి, "ఇష్టమున్నవాళ్ళు లెయ్యండి" అంటాడు. లేచినవాళ్ళను ఒకసారి కలయజూసి కూర్చోమంటాడు. ఆ తర్వాత "ఇష్టం లేనివాళ్ళు లెయ్యండి" అంటాడు. ఈ పద్ధతి ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు. చదువు రానివాళ్ళ చేత వేలిముద్రలు వేయించే పని తప్పుతుందని మొదట వచ్చిన మిషను దొర ఎవరో పెట్టి ఉండాలి.

విశ్వాసమ్మ రెండుసార్లూ కూర్చునే ఉండేది. పసితనంలో వచ్చిన జ్వరం ఆమె రెండు కాళ్ళనూ ఎండగొట్టి పోయింది. ఇప్పుడామెకు ముప్ఫై దాటింది. అరచేతులకు తోలు ముక్కలు కట్టుకుని, చేతులు నేలకు ఊని, ఒళ్ళు ముందుకు జరుపుకుంటూ పాలెమంతా తిరుగుతుంది. అన్న లేవి ఇంట్లో ఉంటూ కిత్తనారతో తాళ్ళు పేనుతుంది. ఆమె పేనిన మోకుకు పేరుంది.

ఇన్నేళ్ళలో సంఘంలో ఆమె దేనికీ ఔననలేదు, దేన్నీ కాదనలేదు. ఆ సంగతి ఎవరికీ తట్టలేదు. నిజానికి ఆమెకూ తట్టలేదు. గంట కొనడానికో, గోడలకు సున్నం కొట్టడానికో ఆమె ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా ఒరిగేదేమీ ఉండేది కాదు.

గుట్ట మాట వచ్చినప్పుడు తట్టింది.

అప్పటికి రెండో ప్రపంచ యుద్ధం మొదలై నాలుగేళ్ళు దాటింది. పాలెం నడిబొడ్డున ఉన్న గుడి బోదకొట్టం. ఒకసారి నిప్పంటుకుంది, ఒకసారి గాలికి కప్పు లేచిపోయింది. రాతితో కట్టుకుందామంటే ఊళ్ళోని రెడ్లు, పాలెంలో ఏది లేచినా మా చావిడి కంటే పొట్టిగానే ఉండాలన్నారు. ఆ మాట మగవాళ్ళ గుండెల్లో ముల్లులా ఉండిపోయింది. పాలెం వెనక బనగానపల్లె రోడ్డు పక్కన ఉన్న గుట్ట సర్కారుది. దాని మీద కట్టుకోవడానికి తాలూకా కచ్చేరీ నుంచి ఉత్తర్వు తెచ్చుకున్నారు. గుట్ట మీద కడితే ఊరి చావిడే కాదు, ఊరంతా కిందికే ఉంటుంది. నాపరాయి గుట్టలోనే ఉంది. రాయి కొట్టడంలో లేవి మేస్త్రి. కలపా సున్నమూ మిషను ఇస్తానంది. ఒకటే షరతు పెట్టింది: సంఘం ఏకమనస్సుతో ఉండాలి. పక్క ఊళ్ళో సంఘం రెండుగా చీలిపోయి, గోడలు లేచిన గుడిలో ఇప్పటికీ మేకలు కట్టేస్తున్నారు. అందుకని ఒక్కరు వద్దన్నా మిషను చెయ్యి వెనక్కి తీసుకుంటుంది.

కోయిలకుంట్ల నుంచి పాస్టరు అయ్యగారు సైకిలు మీద వచ్చారు. ఆరాధన అయ్యాక సంగతంతా ప్రేమయ్యే వివరించాడు. ఇష్టమున్నవాళ్ళు లేవండన్నాడు. కొట్టమంతా ఒక్కసారి లేచింది. విశ్వాసమ్మకు చుట్టూ మోకాళ్ళూ, పంచెలూ, చీర కుచ్చిళ్ళూ తప్ప ఏమీ కనిపించలేదు. అందరూ కూర్చున్నాక ఉపదేశి రెండో మాట అడిగాడు. విశ్వాసమ్మ చెయ్యెత్తింది.

"ఏం తల్లీ, నీళ్ళు కావల్నా?" అన్నారు అయ్యగారు.

"నీళ్ళొద్దు అయ్యగారూ. నాకి ఇష్టం లేదు."

వెనక ఎవరో నవ్వారు. ప్రేమయ్య మెత్తటి మనిషి. "నిలబడినవాళ్ళదే లెక్కమ్మా, విశ్వాసీ. అది పద్ధతి" అన్నాడు.

"నిలబడలేను కాబట్టే గదా ఇష్టం లేదంటాండేది. నిలబడగలిగితే నేనూ ఎక్కుతాంటి మీ గుట్ట."

ఈసారి ఎవరూ నవ్వలేదు. మగవాళ్ళ వరసలో లేవి తల దించుకున్నాడు. అయ్యగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఏకమనస్సు అని దొరగారికి రాసి పంపాలి, కళ్ళెదురుగా ఒక చెయ్యి పైకుంది. వచ్చే ఆదివారం మళ్ళీ వస్తాననీ, ఈలోగా అందరూ ప్రేమగా మాట్లాడుకోండనీ చెప్పి సైకిలెక్కారు.

ఆ ప్రేమ ఇంట్లోనే మొదలైంది.

"ఊరోళ్ళ ముందర తలెత్తుకుందామని మేం చూస్తాంటే, నా రక్తమే నా కాళ్ళు పట్టి లాగుతాండాది" అన్నాడు లేవి, సంగటి ముద్ద విరుస్తూ. "నిన్ను కింద ఇడిచిపెట్టి పోతానని ఎవురన్నారు? నేను మోస్తా. ప్రతి ఆదివారం మోస్తా. ఇన్ని దినాలూ నిన్ను మొయ్యలేదా?"

"మోసినావన్నా. కాదన్నానా?"

"మల్ల ఏమిటికి అడ్డం పడతాండావు?"

వదిన కృపమణి గోడకు ఆనుకుని, ఎత్తయిన కడుపు మీద చెయ్యి వేసుకుని వింటోంది. ఆమెకు ఏడో నెల.

"పోయినేడు కోయిలకుంట్ల ప్రార్థన కూటాలకు మోసకపోతివి గదా. యాపమాను కింద దించి, ఇప్పుడే వస్తానని పోతివి. గుర్తుండాదా?"

"పని పడింది. ఎవురో పిలిస్తే పోయినా."

"పొద్దు గుంకినాక వస్తివి. ఆ దినమంతా నేను నీళ్ళు తాగలేదు. ఏమిటికో వొదినకు తెలుసు. నీళ్ళు తాగితే చెట్టు చాటుకు పోవల్ల. అన్ని వందల మంది మధ్యన యాడికి జరుగుతాను? నువ్వు మోసిన ప్రతి దినమూ నేను పొద్దున్నించీ నీళ్ళు ముట్టను. ఈ పాలెంలో నా చేతుల మీద నేను పోతా, నా చేతుల మీద నేను వస్తా. చాలనుకున్నప్పుడు లేస్తా. గుట్ట మీదైతే నీకు చాలనిపించినప్పుడే నాకి చాలు."

లేవి నోటి దాకా వచ్చిన ముద్ద కంచంలో పెట్టి చెయ్యి కడుక్కున్నాడు. భార్య మజ్జిగ తెస్తున్నా ఆగకుండా బయటికి పోయాడు.

"తిండి తినేటప్పుడే చెప్పల్నా ఈ మాటలు?" అంది కృపమణి. "రేపు ఆయప్ప మొగం నేను చూడల్ల, నువ్వు గాదు."

వదినా మరదళ్ళు ఎప్పుడూ అంతే. పొయ్యిలో కట్టె ఎక్కువైనా మాటే, తక్కువైనా మాటే. విశ్వాసమ్మ కంచం తీసింది.

గుడికి పోలేకపోవడం ఒక్కటే అయితే ఆమె ఇంత పట్టు పట్టేది కాదేమో. ప్రార్థన ఇంట్లో కూడా చేసుకోవచ్చు. కానీ ఆరాధన అయ్యాక ప్రేమయ్య వారపత్రిక చదువుతాడు. మిషను నుంచి వచ్చే ఆ పత్రికే పాలెం మొత్తానికి ప్రపంచం. పటాలంలో చేరినవాళ్ళ సంగతి, కిరసనాయిలు ఎక్కడ ఇస్తారో, గింజల ధర ఎంతో, అన్నీ దాంట్లోనే వస్తాయి. అది విని మగవాళ్ళు ఎవరి దారిన వాళ్ళు పోతారు. విశ్వాసమ్మ మాత్రం గుడ్డి భీమక్క పక్కన కాసేపు, చెవిటి గిడ్డమ్మ ఎదురుగా కాసేపు కూర్చుంటుంది. భీమక్క ముసలిది. ఇళ్ళ గోడలు తడుముకుంటూ గుడి దాకా రాగలదు గాని, ప్రేమయ్య గబగబా చదివేది సగమే పట్టుకుంటుంది. గిడ్డమ్మకు గుట్టలెక్కడం ఒక లెక్క కాదు, కట్టెలు కొట్టుకునే మనిషి. కానీ విశ్వాసమ్మ చేతులు చూస్తే తప్ప ఆమెకు ఏ కబురూ అందదు. బుడ్డి వెలిగించినట్టు వేళ్ళు తిప్పితే కిరసనాయిలు. భుజాన కట్టె పెట్టినట్టు చూపితే పటాలం. ఇలాంటివి ఇద్దరూ కలిసి చాలా కల్పించుకున్నారు.

కిందటి కరువులో సర్కారు పనులు పెట్టినప్పుడు పాలెమంతా రోడ్డుకు కంకర కొట్టడానికి పోయింది. కూలి ఎంతో, గంప ఎవరు తెచ్చుకోవాలో, అందరూ పత్రికలో అదే విన్నారు. ఆ పత్రికలోనే కింద ఇంకో ముక్క ఉంది. పని చెయ్యలేని కుంటివాళ్ళకూ గుడ్డివాళ్ళకూ ముసలివాళ్ళకూ పనిలేకుండానే గింజలిస్తారని. ప్రేమయ్య దాన్ని చదివాడు, చదివి పేజీ తిప్పాడు. విన్నవాళ్ళకు అది అక్కరలేని మాట. అక్కర ఉన్నవాళ్ళలో దాన్ని పట్టుకోగలిగింది విశ్వాసమ్మ ఒక్కతే. ఆమె భీమక్కకు చెప్పింది, గిడ్డమ్మకు చేతులతో చెప్పింది. వాళ్ళ ద్వారా చుట్టుపక్కల పాలేల్లో మూలనపడి ఉన్నవాళ్ళకు తెలిసింది. గిడ్డమ్మ భీమక్కను చెయ్యి పట్టుకుని తీసుకుపోయి, కచ్చేరీ వాకిట్లో ఇద్దరూ కూర్చున్నారు. ఆ ఎండాకాలం భీమక్క బతికింది ఆ గింజలతో.

వారమంతా మనుషులు వస్తూనే ఉన్నారు. విశ్వాసమ్మ వాకిట్లో కూర్చుని నార పేనుతూ ఒక్కొక్కరికే జవాబు చెప్పింది.

ప్రేమయ్య వచ్చి చాప మీద కూర్చున్నాడు. "నేనే మీ ఇంటికొచ్చి పత్రిక చదివిపోతాలేమ్మా. నీకేం కష్టం?"

"ఎన్ని వారాలు వస్తావప్పా?"

"దేవుడు ఓపిక ఇచ్చినన్ని దినాలు."

"భీమక్కవ్వ మొగుడు పడకేసినప్పుడు దినమూ వచ్చి ప్రార్థన చేస్తానంటివి. మట్టి చేసేటప్పుడు వస్తివి."

ప్రేమయ్య మొహం చిన్నబోయింది. "నాకూ పిల్లలుండారమ్మా. బడి చెప్పేది ఉండాది" అన్నాడు.

"నేను నిన్ను అనడం లేదు. నీకు పనులుంటాయి, ఉండల్ల. అందుకే నీ ఓపిక మీద నా బతుకు పెట్టుకోనంటాండా."

సాయంత్రం పెద్దమనుషులు ఇద్దరు వచ్చారు. ఒకాయన ఆమె చేతులకేసి చూసి, "నీ రెక్కలు మా రెక్కల కంటే గట్టివి పాపా. నువ్వనుకుంటే ఎక్కలేవా ఏమి? మేమంతా వెనకుంటాం" అన్నాడు.

"ఎక్కుతా చిన్నాయనా. ఒక ఆదివారం ఎక్కుతా. అందరూ చూసి, ఆహా విశ్వాసమ్మ, దేవుని కృప అంటారు. రెండో ఆదివారం ఎవురు చూస్తారు? ఎండకు నాపబండ పెనం మాదిరి కాల్తాది. మీరు ఆదివారం గుడికి పోయేది మెచ్చుకోలు కోసరమా?"

"అయితే పాలెం పరువు నీకు అక్కరలేదా?"

"నేను పాలెంలో దాన్ని కాదా?"

వాళ్ళు లేచిపోయారు. మర్నాటి నుంచి బాయి దగ్గర ఆమె కడవ ఎవరూ నింపలేదు. ఇన్నేళ్ళుగా ఎవరో ఒకరు చేదిపోసేవాళ్ళు. కృపమణి ఆ కడుపుతోనే పోయి చేదుకొచ్చి, కడవను దబ్బున దించి, మూడు రోజులు మరదలితో మాట్లాడలేదు.

శనివారం భీమక్క గోడలు తడుముకుంటూ వచ్చింది. ఆ మనిషి భయం మొహంలోనే కనిపించింది.

"ఒదిలేయ్ బిడ్డా. మనవల్ల గుడి ఆగిందంటే నేను సస్తే మోసేవాళ్ళు కూడా రారు."

"గుట్ట మీదికి నువ్వు పోగలవా అవ్వా?"

"ఆడ పట్టుకునేదానికి గోడలు యాడుండాయి? నేను పోను. నా కాలం అయిపాయ. ఇంట్లో కూర్చుంటా."

"మల్ల గింజల మాదిరి ఇంకో మాట వస్తే? ఎవురు చెప్తారు నీకు?"

భీమక్క చాలాసేపు నేలమీద వేళ్ళు రాస్తూ కూర్చుంది. తర్వాత గోడ పట్టుకుని లేచి పోయింది. ఆమె అట్లా పోవడం చూసి విశ్వాసమ్మ మొదటిసారి తడబడింది. ఒక్కదాని పట్టుదలకు ఈ ముసలామె ఏమైపోతుందోనని ఆ పూట నార చేతికి రాలేదు. పేనినది పురి విప్పి మళ్ళీ పేనింది.

ఆదివారం అయ్యగారు వచ్చారు. కొట్టం కిటకిటలాడింది. ప్రార్థన అయ్యాక ఆయన తానే ముందుకొచ్చి, ప్రేమ గురించి చాలాసేపు చెప్పి, చివరికి "సరే, ఇష్టమున్నవాళ్ళు..." అన్నారు.

"అయ్యగారూ" అంది విశ్వాసమ్మ.

"చెప్పమ్మా."

"అందరికీ ఉండేదాన్ని అడగండి. కాళ్ళు అందరికీ లేవు. చేతులెత్తమనండి."

"చేతులు లేనోడొస్తే ఏం చేస్తావు మే?" అన్నాడు వెనకనుంచి ఒక కుర్రవాడు.

"ఆ పొద్దు నోరు అడుగుదాం. అది నీకు బాగనే ఉండాది గదా."

ఆడవాళ్ళ వరసలో నవ్వు పాకింది. అయ్యగారు కూడా నవ్వాపుకుని, చేతులే ఎత్తమన్నారు. ముందు ఇష్టమున్నవాళ్ళు. మగవాళ్ళ చేతులు దాదాపు అన్నీ లేచాయి. లేవి చెయ్యి అందరికంటే నిటారుగా ఉంది. ఆడవాళ్ళవి కొన్ని లేచాయి, కొన్ని మొగుళ్ళ వైపు చూసి లేచాయి.

"దించండి. ఇష్టం లేనివాళ్ళు."

విశ్వాసమ్మ చెయ్యెత్తి, ఎదురుగా కూర్చున్న గిడ్డమ్మకు రెండో చేత్తో గుట్ట ఆకారం చూపి, తల అడ్డంగా ఊపింది. గిడ్డమ్మకు సంగతి ముందే తెలుసు. గొడ్డలి పట్టే చెయ్యి ఝాడించి ఎత్తింది. ఇంకో మూల సన్నటి ఎముకల చెయ్యి ఒకటి మెల్లగా లేచింది. భీమక్కది.

"నాదొక్కటేనా?" అని అడిగింది భీమక్క గాలిలోకి.

"కాదవ్వా" అంది ఆమె పక్కనున్న మనిషి.

ఆ మనిషి కృపమణి. ఆమె చెయ్యి కూడా పైనే ఉంది.

లేవి లేచి నిలబడ్డాడు. "ఏం చేస్తాండావు?"

"కనపడలేదా? చెయ్యెత్తినా."

"నా ఇంట్లోనే ఇద్దరు."

"ఇద్దరు కాదు, ముగ్గురం" అని కృపమణి కడుపు మీద చెయ్యేసింది. "ఈ బరువుతో నేను ఎక్కల్నా నీ గుట్ట? కన్నాక బాలింతగా ఎక్కల్నా? పిల్లను చంకనేసుకొని ఎక్కల్నా? ఏడాదికొకరం ఈ పాలెంలో ఆడోళ్ళం ఇట్లనే ఉంటాం. మా అత్త బతికుంటే ఎక్కుతాండెనా? మోకాళ్ళు పోతే నువ్వు ఎక్కుతావా? నీ చెల్లెలికి ముందే కాళ్ళు పోయినాయి, మనకు నిదానంగా పోతాయి. అంతే గదా తేడా."

ఆడవాళ్ళ వరసలో మొదట ఎత్తిన చేతుల్లో ఒకటి రెండు ఇప్పుడు మోకాళ్ళ మీద అటూ ఇటూ కదిలాయి. ఒకామె మొగుడి వైపు చూడకుండానే ఎత్తేసింది. ఆమె పక్కన ఇంకొకామె.

అయ్యగారు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. "దీన్ని ఏకమనస్సని నేను రాయలేను" అన్నారు.

"ఈ పొద్దు కాదని రాయండి" అంది విశ్వాసమ్మ. "అబద్ధం రాసి గుడి కట్టేదానికన్నా అదే మేలు."

లేవి ఆమె వైపు రెండడుగులు వేశాడు. ఆ గొంతులో కోపంతో పాటు ఇంకేదో ఉంది. "మల్ల యాడ కట్టల్ల? ఈ గుంతలోనే కట్టల్నా? ఆ రెడ్ల చావిడి కింద తల వంచుకొని కూర్చోవల్నా? చెప్పు నువ్వే."

"గుట్ట మీద వద్దన్నా గాని, గుట్ట వద్దంటినా? గుట్ట కింద రోడ్డు పక్కన కూడా సర్కారు నేలే గదా. ఆడ కట్టండి. రోడ్డు మీద పోయేవాళ్ళు తలెత్తి చూడల్ల అంటే గోడలు ఎంత ఎత్తయినా లేపుకోండి. ఊరి చావిడికి రెండింతలు లేపుకోండి. గంటను ఆకాశంలో కట్టుకోండి. నేను గోడ ఎక్కే పని లేదు. నాకి నేల సమంగా ఉంటే చాలు."

మగవాళ్ళలో ఒకాయన తల గోక్కుని, "రెండింతలంటే శానా రాయి పడతాది" అన్నాడు. ఇంకొకాయన "గుట్టలో రాయికేం కరువు" అన్నాడు. లేవి ఎవరి వైపూ చూడకుండా కొట్టంలో నుంచి వెళ్ళిపోయాడు.

"పత్రిక చదువప్పా" అంది విశ్వాసమ్మ ప్రేమయ్యతో. "మనం కొట్లాడుకుంటాంటే యుద్ధం ఆగదు గదా."

ప్రేమయ్య చదివాడు. మగవాళ్ళు సగం మంది మొహాలు పక్కకు తిప్పుకునే విన్నారు, కానీ లేచిపోలేదు. విశ్వాసమ్మ చేతులు గిడ్డమ్మ ముందు ఆడుతూనే ఉన్నాయి.

ఆ రాత్రి లేవి ఆలస్యంగా వచ్చి, తినకుండానే పడుకున్నాడు. మర్నాడు కల్లు తాగిన కోతిలా ఉన్నాడని కృపమణి గొణుక్కుంది గాని, అతడు తాగలేదు. రోజంతా గుట్ట కింద రోడ్డు పక్కన తిరిగి వచ్చాడని తర్వాత తెలిసింది. ఇంకో రెండు రోజులు చెల్లెలితో మాట్లాడలేదు. బాయి దగ్గర ఆమె కడవను ఇంకా ఎవరూ నింపలేదు. గిడ్డమ్మే రోజూ వచ్చి నింపిపోతోంది.

గురువారం పొద్దున విశ్వాసమ్మ వాకిట్లో నార విప్పుకుంటుంటే లేవి ఉలి, సుత్తి భుజాన వేసుకుని బయలుదేరాడు. ఆమెను దాటిపోయి, నాలుగడుగుల అవతల ఆగాడు. వెనక్కి తిరగలేదు.

"వాకిలికి గడప పెట్టల్నా?" అన్నాడు.

ఆమె నార పక్కన పెట్టింది.

"వద్దు."

"గడప లేని గుడి యాడా ఉండదు. చూసేవాళ్ళు నవ్వుతారు."

"నవ్వనీ."

"నవ్వేది సరే. వానొస్తే నీళ్ళన్నీ లోపలికి పారతాయి."

"ఈ సీమలో వాన యాడుండాదన్నా? ముందు రానీ ఆ వానను. వచ్చినప్పుడు చూసుకుందాం."

లేవి భుజం మీద సుత్తి సర్దుకుని గుట్ట వైపు నడిచాడు.